ఆకుపచ్చ గూడు

మొదటి చిమటను నేను రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక్క చప్పట్టుతో చంపేశాను. చేతులు విప్పి చూసుకుంటే బంగారు రంగో బూడిద రంగో తేలని కాస్త పొడి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత పుస్తకం తెరిచి చదివి నాలుక్కరుచుకున్నాను. ఏ చిమట ఏదో పోల్చుకోవాలంటే రెక్కల మీద చుక్కలున్నాయా లేవా, తల మీది జుట్టు ఏ రంగు, కూర్చున్నప్పుడు రెక్కలు ఎలా మడుచుకుంటుంది అని చూడాలట. నా చేతిలో చుక్కలూ లేవు, తలా లేదు.

మ్యూజియంలో బట్టల గది నాది. తివాచీలు, శాలువలు, జెండాలు, గుర్రాల మీద పరిచే దుప్పట్లు, ఎవరెవరో తొడిగి వదిలేసిన కోట్లు. కింది అంతస్తులో ఉత్తరపు మూల పెద్ద గది. పైకప్పు చెక్కది, పైనెవరైనా నడిస్తే కింద నాకు అడుగులు లెక్కపెట్టుకునేంత బాగా వినిపించేది. ఆ ఏడు ఎండలు ముదిరి వానలు వెనకబడ్డాయి. సాయంత్రానికి కూడా గోడల వేడి దిగేది కాదు. అలాంటి వేడిలో మనం నీరసపడతాం గానీ పురుగులకు మంచి హుషారు.

గది మూలల్లో జిగురు అట్టలు పెట్టాను. వారం తిరిగేసరికి పదకొండు అట్టల మీద ఆరు చిమటలు అంటుకున్నాయి. ఒక్కోటి బియ్యపు గింజకన్నా కాస్త పొడుగు, మాసిన గోధుమరంగు. భూతద్దంలో చూస్తే ఒక్కో రెక్క మీద మూడేసి మసక చుక్కలు. వెంటనే పెద్ద ఎర్ర తివాచీ చుట్ట విప్పించాను. మధ్యలో అరచేతంత మేర నాలుగు చోట్ల బోడి. ఆ బోడి చుట్టూ గింజల్లాంటివేవో చల్లినట్టున్నాయి. వంగి చూస్తుండగానే ఒక గింజ కదిలింది.

మెట్ల దగ్గర కత్తులాయన ఎదురయ్యాడు. పై అంతస్తులో ఆయుధాల గది ఆయనది, అందుకే అందరూ ఆ పేరే పెట్టేశారు. మనిషి చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్లలో తన గదిలో ఒక్క వస్తువుకీ తుప్పు పట్టనివ్వలేదన్న గర్వం మాత్రం మెడ దాకా ఉండేది.

"మీ గదిలో పురుగు పడిందటగా!"

"పడింది."

"మా గదిలో అంతా ఉక్కేనమ్మా. ఏ పురుగు వచ్చి కొరికినా దాని పళ్లే రాలతాయి," అని నవ్వాడు.

డైరెక్టరు మేడం గదిలో మాత్రం ఆయన నవ్వలేదు. మేడం ఏ విషయాన్నయినా మొదటి నుంచి చివరి దాకా విని, ఆ తర్వాత గానీ తల ఎత్తని మనిషి. నేను చెప్పిందంతా విన్నారు. ఇంకేమైనా ఉందా అన్నట్టు అందరి వైపూ చూశారు. కత్తులాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట మేడం. ఈవిడ మీద నాకు కోపం లేదు. కానీ వీళ్లత్తగారు రఫూ పని చేస్తారు. ఊళ్లో చిల్లులు పడ్డ ఉన్ని కోట్లన్నీ వాళ్లింటికే చేరేవి. ఈవిడ పొద్దున్న అక్కడ బయల్దేరి తిన్నగా మన తివాచీల దగ్గరికి వస్తారు."

కోపం తెచ్చుకుందామంటే మాట అబద్ధం కాదు. మా అత్తగారు నలభై ఏళ్లు రఫూ చేసింది, చిల్లు ఉందని తెలియకుండా అదే రంగు దారం అల్లి పూడ్చేది. రెండేళ్ల క్రితం పని మానేసింది గానీ ఆవిడ దారాల పెట్టె ఇంకా మంచం కిందే ఉంది.

"పది రోజులు తీసుకోండి," అన్నారు మేడం. "ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చండి. తేలకపోతే మీ గది మూసేసి మందు పొగ పెట్టిస్తాను. ఆ తివాచీని ఇక మిగతావాటి మధ్య ఉంచలేం, తీసేయాల్సిందే. మిమ్మల్ని పాత కాగితాల భవనానికి మార్చాలి. ఈలోగా మీ ఇంట్లో ఉన్ని లేకుండా చూసుకోండి."

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

మా అత్తగారికీ నాకూ గొడవలుండేవి కావు. గొడవ పడాలన్నా ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటుండాలి కదా. పెళ్లయి పదిహేడేళ్లు. పాలవాడు రాలేదు, గ్యాసు అయిపోవచ్చింది, మేడ మీద బట్టలు తెచ్చావా, అంతే మా మాటలు. ఆవిడ పని ఆవిడది, నా పని నాది. నేనేం చేస్తానని ఆవిడ అడగలేదు. ఆవిడేం చేస్తుందో నేను చూడలేదు. మా ఆయన లెక్కల మాస్టారు. సెలవుల్లో వంట ఆయనే చేస్తాడు గనక ఆ నెలల్లో మాకు ఆ వంటింటి మాటలు కూడా ఉండవు.

చేతిసంచీ కింద పెట్టకుండానే చెప్పేశాను. పెడితే మళ్లీ ధైర్యం చాలదనిపించింది.

"అత్తయ్యా, ఆ రేకుపెట్టె ఇంట్లో ఉండకూడదట."

"ఎవరన్నారు?"

"ఆఫీసులో. తివాచీలకు పురుగు పట్టింది. మనింటి నుంచే వచ్చిందేమోనని..."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "సరే," అంది. ఆ మాటలో విసురు లేదు. విసురుంటేనే నాకు తేలిగ్గా ఉండేదేమో. మంచం కింద నుంచి పెట్టె లాగి, కాళ్లు చాపుకుని కూర్చుని మూత తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల దారాల కట్టలు, రంగు పక్కన రంగు, ఒక్కోదానికీ మధ్యలో ముడి. ఏ కోటుకు రఫూ చేసినా మడత లోపలి నుంచి లాగిన దారాల్లో మిగిలిన నాలుగూ దాచిపెట్టేదట. రంగు కుదిరితేనే రఫూ, కుదరకపోతే అది మాసిక. నలభై ఏళ్ల కోట్లన్నీ ఆ పెట్టెలో దారాలై ఉన్నాయి.

మా ఆయన గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఏం చేస్తున్నావమ్మా?"

"పెట్టె ఖాళీ చేస్తున్నాన్రా."

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఒక కట్ట తీసి ఒళ్లో పెట్టుకుని అత్తగారు ఆగింది. "పారేస్తాలే అమ్మాయ్. పారేసే ముందు ఆ దొంగ మొహం ఒక్కసారి నాకు చూపిస్తావా?"

"మీరెప్పుడూ చూళ్లేదా?"

"ఎక్కడ చూస్తాను? అది తిని పోయాక కదా కోటు నా దగ్గరికొచ్చేది. నలభై ఏళ్లు చిల్లులు చూశాను గానీ చిల్లు పెట్టినవాణ్ణి చూళ్లేదు."

ఆరోజు శుక్రవారం. మర్నాడు జిగురు అట్ట ఒకటి, తివాచీ మీద ఏరిన గింజలు మూడు మూత గట్టిగా ఉన్న గాజు సీసాల్లో పెట్టి, మేడంగారికి చెప్పి, వాటితో పాటు భూతద్దం కూడా తెచ్చాను. ఆదివారం పొద్దున్నే వరండాలో వెలుగు తెల్లగా పడే చోట పీట వేశాను. ఆవిడ తన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, భూతద్దం కంటికానించుకుంది. అలా ఎంతసేపు చూసిందంటే, లోపల నుంచి రెండుసార్లు టిఫిన్ చల్లారిపోతోందని కేక వినపడింది.

"ఈ రెక్కలది తల్లి. ఈ గింజ ఏమిటి?"

"గింజ కాదు, పిల్లపురుగు గూడు. లోపల పురుగుంటుంది. తినేది అదే. తిన్న బట్ట పీచుతోనే చుట్టూ గొట్టంలా అల్లుకుని, ఎక్కడికెళ్తే అక్కడికి మోసుకుపోతుంది."

"అల్లుకుంటుందా? నోటితోనా?"

"ఆ. పట్టులాంటి జిగురు వస్తుంది నోట్లోంచి."

"అబ్బో!" అంది. అది మెచ్చుకోలే. ఒక పనిమంతురాలు ఇంకో పనిమంతురాల్ని చూసి అన్నట్టే అంది. "మరి పెరిగితే? చొక్కా బిగుతయినట్టు అవ్వదూ?"

"రెండు కొసలా కలుపుకుంటూ పోతుందట. పక్కన చీల్చి అతుకు కూడా వేస్తుందని రాశారు."

ఆవిడ మళ్లీ వంగింది. ఈసారి సూది తెమ్మంది. సూది మొనతో గూడును అటూ ఇటూ పొర్లించింది. ఆ చేతికి డెబ్భై ఏళ్లంటే ఎవరూ నమ్మరు, ఇసుమంతైనా వణకలేదు.

"అమ్మాయ్, మీ తివాచీ ఏ రంగన్నావ్?"

"ఎరుపు."

"అంతా ఎరుపేనా? అంచులు, పువ్వులు?"

"ఎరుపు, మీగడ రంగు, కాస్త నీలం."

"ఇందులో ఆకుపచ్చ ఉంది."

భూతద్దం లాక్కున్నంత పని చేశాను. గూడు రెండు కొసల్లో ఎరుపు. మధ్యలో, నడుముకు పట్టీ పెట్టినట్టు, ముదురు ఆకుపచ్చ. రెండో గూడూ అంతే. మూడోదీ అంతే. వారం రోజులుగా అవే గూళ్లు ఆఫీసులో నా బల్ల మీద ఉన్నాయి. చుక్కలు లెక్కపెట్టాను, జుట్టు రంగు రాసుకున్నాను. గూడు రంగు చూడాలని మాత్రం తట్టలేదు.

"కొసలకి కలుపుకుంటూ పోతుందన్నావు కదా," అంది ఆవిడ నెమ్మదిగా. "అయితే మధ్యది పాతది. కొసలు కొత్తవి. ఇది పుట్టింది ఆకుపచ్చ మీద. మీ ఎరుపు దగ్గరికి తర్వాతొచ్చింది."

నాకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే చల్లబడిపోయాను. బట్టల గదిలో ఆకుపచ్చ ఉన్ని లేదు. జాబితా నాకు కంఠతా వచ్చు. ఆకుపచ్చ ఉన్నది మా ఇంట్లో, ఆ రేకుపెట్టెలో. కట్టలకు కట్టలు.

నేను నోరు విప్పక ముందే ఆవిడకు అర్థమైపోయింది. లేచి లోపలికెళ్లి ఆకుపచ్చలన్నీ తెచ్చి పీట మీద పరిచింది. చిలకపచ్చ, ఆకుపచ్చ, నాచు రంగు, సీసా రంగు, మొత్తం పదిహేడు. ఒక్కోదాన్నీ గూడు పక్కన పెట్టి చూసింది. పదిహేడూ అయిపోయాయి.

"కాదు," అంది. "ఇందులో ఏదీ కాదు. ఇది మనుషులు తొడుక్కునే ఆకుపచ్చ కాదమ్మాయ్. పైగా నా దారం మెలి తిరిగుంటుంది, కొరికినా ఆ వంపు పోదు. ఈ పీచు చూడు, తిన్నగా, గొరిగినట్టు పొట్టిగా ఉంది. నేసిన గుడ్డ మీద నూగులా లేపి కత్తిరిస్తారే, ఆ రకం. బల్లల మీద పరుస్తారు. పెట్టెల లోపల వేస్తారు."

"నిజంగానా?"

"చిల్లుల విషయంలో నీతో అబద్ధమాడనా?"

ఇంత సంతోషంలో ఆవిడ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. భూతద్దం చేతిలో ఉందిగా, పెట్టెలో మిగిలిన కట్టలన్నీ ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను పిలిచింది. పెట్టె అడుగున ఒక బూడిద రంగు సూటు ముక్క. దాని మీద సాలెగూడు లాంటి తెల్లటి పొర, పొర కింద సన్నటి సొరంగం, సొరంగంలో ఒక పురుగు.

అంటే మా ఇంట్లోనూ ఉందన్నమాట.

"ఇది వేరేది," అంది ఆవిడ.

"వేరేదో అదేదో, ఎవరు వింటారత్తయ్యా? మనింట్లో పురుగుందని తెలిస్తే చాలు, కత్తులాయన ఒంటికాలి మీద లేస్తాడు. దీని సంగతి మనం చెప్పొద్దు. కట్టి పారేద్దాం."

"చూడు ముందు. ఇది గూడు మోసుకుపోవడం లేదు. ఉన్నచోటే పందిరేసుకుని కూర్చుంది. దీని తల్లి కూడా దొరికింది." అగ్గిపెట్టె తెరిచి చూపించింది. గడ్డి మీద ఎండ పడ్డట్టు బంగారంలా మెరుస్తున్న చిమట. ఒక్క చుక్క లేదు. తల మీద రాగి రంగు జుట్టు. పుస్తకంలో రెండో బొమ్మ అచ్చం అదే. "మనింటి దొంగ వేరు, మీ దొంగ వేరు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితేనే కదా తేడా తెలిసేది? దీన్ని దాచేస్తే నువ్వు చెప్పేదానికి సాక్ష్యమేముంది?"

ఆ సాయంత్రం నేను చాలా వాదించాను. ఆవిడ దారాల కట్టలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి, గాలి పోయేలా ఒత్తి, ఫ్రిజ్ పై అరలో కుక్కుతూ విన్నది. రెండు వారాలు గడ్డకట్టిస్తే గుడ్లు కూడా చచ్చిపోతాయని నేనే చదివి చెప్పాను. మా ఆయన ఐస్ కోసం తలుపు తీసి, చిలకపచ్చ ఉన్ని చూసి, ఏమీ అనకుండా మళ్లీ మూసేశాడు.

సోమవారం పొద్దున్న నేను చెప్పులేసుకుంటుంటే అత్తగారు ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో రెండు అగ్గిపెట్టెలు.

"మీరెందుకత్తయ్యా, ఎండ..."

"ఆ ఆకుపచ్చ ఎక్కడుందో నువ్వు పోల్చుకోలేవు. నీకు రంగులు తెలియవు," అంది. పదిహేడేళ్లలో నా పని గురించి ఆవిడ అన్న మొదటి మాట అదే. నాకు రోషం రాలేదు, నవ్వొచ్చింది.

డైరెక్టరు మేడం గదిలో ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, తడుముకోకుండా చెప్పింది. ముందు మా ఇంట్లో దొరికినదాని గురించే చెప్పింది. నేననుకున్నట్టే కత్తులాయన సగం లేచాడు.

"చూశారా మేడం! నేను ఆరోజే..."

"కూర్చోండి బాబూ, పూర్తవలేదు," అంది అత్తగారు. రెండు అగ్గిపెట్టెలూ బల్ల మీద తెరిచిపెట్టింది. "ఇది మాది. బంగారు రంగు, చుక్కల్లేవు. దీని పిల్ల ఉన్నచోటే గుడారం కట్టుకుంటుంది. ఇది మీది. మూడు చుక్కలు. దీని పిల్ల ఇల్లు భుజానేసుకుని తిరుగుతుంది. మా ఇంటిది మీ తివాచీలో ఒక్కటి కూడా దొరకలేదు. మీది మా ఇంట్లో దొరకలేదు. ఇక ఈ గూడు నడుం చూడండి."

మేడం భూతద్దం అందుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని కత్తులాయనకిచ్చారు. ఆయనా చూశాడు.

"ఆకుపచ్చే," అన్నాడు గొణిగినట్టు.

"ఈ భవనంలో ఇలాంటి గుడ్డ ఎక్కడైనా పరిచారా? బల్లల మీద?" అని అడిగింది అత్తగారు.

చదువుకునే గది బల్లలు మార్చేసి ఎనిమిదేళ్లయిందన్నారు మేడం. సమావేశాల బల్ల మీద గాజు పలక ఉంది. అయినా చూద్దామని అందరం లేచాం. అలా నలుగురం గది తర్వాత గది తిరగడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. కుండల గది, బొమ్మల గది, గడియారాల గది. వస్తువులు చూడ్డానికి జనం వచ్చే చోట ఆవిడ వస్తువుల్ని చూడనే లేదు. కింద పరిచిందేమిటి, వెనక కట్టిందేమిటి, అంచుల్లో అతికించిందేమిటి, అవే చూసింది. గడియారాల గదిలో ఒక పెట్టెకు ఆకుపచ్చ దొరికింది. "ఇది పత్తి, దీన్ని ముట్టదు," అని దాటేసింది. నాకు పత్తికీ ఉన్నికీ అద్దం బయటి నుంచి తేడా తెలిసి ఉండేది కాదు.

మెట్లెక్కుతుంటే కత్తులాయన, "పైన నాదొక్కటే ఉంది, అంతా ఉక్కే," అన్నాడు. ఈసారి నవ్వు లేకుండా.

ఆయన గది అద్దంలా ఉంది. వరసగా కత్తులు, డాళ్లు, తుపాకులు. దేని మీదా దుమ్ము లేదు. అత్తగారు రెండు వరసలు దాటి, కిటికీ పక్క అద్దాల బీరువా ముందు ఆగింది. లోపల తెరిచి పెట్టిన చెక్కపెట్టె. అందులో తలా ఒక వైపు తిరిగి పడుకున్న జత పిస్తోళ్లు. వాటి ఆకారానికి సరిగ్గా పల్లం చేసి, పెట్టె లోపలంతా ముదురు ఆకుపచ్చ గుడ్డ.

ఆవిడ ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి వెళ్లింది.

"ఈ పిడి పక్కన గుడ్డ అరిగిపోయినట్టుంది. ఎవరైనా తరచూ తీసిపెడతారా?"

"లేదమ్మా. పైనే తుడుస్తాను. వాటిని కదిపి పదకొండేళ్లయింది."

"మరి ఎవరు అరగదీశారు?"

కత్తులాయన నడుముకున్న తాళాలగుత్తి తీశాడు. సరైన తాళంచెవి దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆ గుత్తిలో ప్రతి చెవీ ఆయనకు చీకట్లో కూడా తెలుసని మాకందరికీ తెలుసు. చేతికి తొడుగు వేసుకుని పై పిస్తోలు మెల్లగా ఎత్తాడు.

కింద గుడ్డ లేదు. ఉత్త చెక్క. ఆ చెక్క మీద గుప్పెడు ఆకుపచ్చ గింజలు. వెలుగు పడగానే కొన్ని నిదానంగా, ఇళ్లు ఈడ్చుకుంటూ, నీడ వైపు నడవడం మొదలుపెట్టాయి.

మేడం వంగి కిటికీ కింద నేల చూశారు. వైరు కోసం చెక్కలో పెట్టిన రంధ్రం, దాని నుంచి సన్నటి వెలుగు. ఆ వెలుగు నా గదిది. ఎర్ర తివాచీ చుట్ట సరిగ్గా దాని కిందే ఉండేది.

కత్తులాయన పిస్తోలు రెండు చేతుల్లోనూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. అత్తగారు ఆయన మోచేతి దగ్గరికి జరిగి, మాకు వినపడీ వినపడనట్టు అంది: "ఇనుము కింద వెతకాలని ఎవరికి తోస్తుంది బాబూ? నేను నా పెట్టెలో కలరా ఉండలు వేసుకుని మరీ కూర్చున్నాను. అయినా అడుగున చేరిందా లేదా?"

ఆయన తల ఊపాడు. తర్వాత ఆయన అడిగినది నాకు బాగా నచ్చింది. క్షమించమని కాదు. "ఇందులో బతికున్నవి ఏవో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగాడు. ఆవిడ సూది తీసింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. తివాచీనీ పిస్తోళ్ల పెట్టెనూ ప్లాస్టిక్‌లో చుట్టి, బఠాణీలూ చేపలూ నిల్వ ఉంచే కోల్డ్ స్టోరేజీకి పంపాం. అక్కడి మేనేజరు తివాచీని ఏ ఖాతాలో చూపించాలో తెలియక చేపల వైపు పెట్టించాడు. నా బదిలీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కత్తులాయన నిచ్చెన వేసుకుని ఎక్కి, తన గది వెంటిలేటరులో ఎప్పటిదో పావురాల గూడు పట్టుకున్నాడు. అందులోనూ ఈ గూళ్లే ఉన్నాయి, ఈకల పీచుతో అల్లినవి, తెల్లగా. కాగితంలో పొట్లం కట్టి, ముందు మా అత్తగారికే తెచ్చి చూపించాడు.

"ఇదీ మొదటి ఊరు," అంది ఆవిడ. ఇద్దరూ అరగంట ఆ పొట్లం మీదే కబుర్లాడుకున్నారు.

వానలు పడేవేళకు తివాచీ తిరిగొచ్చింది. దాన్ని బాగుచేయమని మేడం ఆవిణ్ణే అడిగారు. బోడి చోట్లు పూడ్చననీ, పూడిస్తే ఎప్పుడో నేసినవాడి పనిలో తన పని కలిసిపోతుందనీ, ఇంకా ఊడకుండా అంచులు మాత్రం పట్టుకుంటాననీ చెప్పి ఒప్పుకుంది. వారానికి మూడు రోజులు నాతో పాటే బస్సెక్కేది. దారిలో ఎదుటివాళ్ల కోటు భుజం మీద ఏ చిన్న చిల్లు కనిపించినా మోచేత్తో పొడిచి చూపించేది. గూడు మోసేదా, గుడారం వేసేదా అని ఇద్దరం గుసగుసలాడుకుంటుంటే పక్కవాళ్లు అనుమానంగా చూసేవారు. సెలవులైపోయి బడి తెరిచినా మా ఆయనకు వంట తప్పలేదు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగస్తులని పక్కింటివాళ్లతో చెప్పుకుని గొప్పలు పోయాడు.

పిస్తోళ్ల పెట్టెలో దొరికిన చిమటల్లో చెక్కుచెదరనిది ఒకటి గుండుసూదికి గుచ్చి మ్యూజియం సేకరణలోనే చేర్చాలని మేడం నిర్ణయించారు. దాని కింద ఉంచే చీటీ ఆఫీసు గుమాస్తా టైపు చేసి నా బల్ల మీద పెట్టాడు. అత్తగారు తివాచీ అంచు మీద నుంచి తలెత్తి, చదవమంది.

"దొరికిన చోటు, ఆయుధాల గది, పిస్తోళ్ల పెట్టె. తిన్నది, ఉన్ని గుడ్డ. కనిపెట్టినవారు..." ఆగాను.

"ఊఁ?"

"బట్టల గది అధికారి అత్తగారు."

ఆవిడ సూది దారంతో సహా తివాచీకి గుచ్చి పక్కన పెట్టింది. "అత్తగారిని గనక కనిపెట్టానటా?"

నాకు నవ్వాగలేదు. "మరేం రాయమంటారు?"

"రఫూ పని చేసే మనిషి అని రాయి. అది నిజం."

కొత్త చీటీ తీసుకుని నల్లసిరాతో కుదురుగా రాసి, చిమట కింద పెట్టాను. ఆవిడ భూతద్దంతో ఆ అక్షరాలు ఒకటికి రెండుసార్లు చదువుకుని, అద్దాన్ని అలాగే పురుగు మీదికి జరిపింది. బయట వాన జోరుగా పడుతోంది.

"దీనికి నోరు ఉన్నట్టే లేదే?"

"ఉన్నా పనిచేయదట అత్తయ్యా. రెక్కలొచ్చాక ఏమీ తినదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దానికి ఆఖరిది."

ఆవిడ భూతద్దాన్ని రెక్కల మీదికి జరిపింది.

"అయితే ఇది ఎగిరిందంతా ఆ ఆకుపచ్చ గుడ్డ బలం మీదేనన్నమాట," అంది, ఇంకాస్త దగ్గరికి వంగుతూ.